మీ ఇద్దరికీ తెలిసిన సంగతి

మహదేవపుర, బెంగళూరు
ఆగస్టు 16, శనివారం

ప్రియమైన కుమారుడు జోనాకు, అమ్మ ప్రభువు పేరిట దీవించి రాస్తున్న ఉత్తరం.

దేవుని కృప వల్ల ఇక్కడ డాడీ, నేను బాగున్నాం. నువ్వు కూడా అక్కడ వేళకు తిని, వేళకు నిద్రపోతూ, ఒంట్లో బాగానే ఉన్నావని నమ్ముతున్నాను. ప్రతిసారీ ‘ఇక్కడ అందరం క్షేమం’ అని మొదలుపెట్టేదాన్ని. ఈసారి ఆ ‘అందరం’ అనే మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకో చెప్తాను. ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు రాసేస్తాను, లేకపోతే మర్చిపోతాను.

నీ పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్సులు రెండు ఈ కవరులోనే పెడుతున్నాను. ఒకటి తడిసినా ఇంకొకటి ఉంటుంది. బూట్లు కరిచి మడమల మీద బొబ్బలు వచ్చాయని రాశావు. వాటిని చిదమొద్దు. రాత్రి కడిగి ఆరబెట్టుకో, పొద్దున బూటు వేసుకునే ముందు కొంచెం కొబ్బరినూనె రాయి. మీ సారు ఒప్పుకుంటే గోంగూర పచ్చడి పంపుతాను. ఒప్పుకోకపోతే చాటుగా తెప్పించుకోవాలని చూడకు. ఒడిశాలో మిలిటరీ ట్రైనింగులో చేరి నాలుగు నెలలే అయింది, మాట పడొద్దు. చర్చిలో యూత్ పిల్లలు నీ పేరు చెప్పి ప్రతివారం ప్రార్థన చేస్తున్నారు. నువ్వు వాయించే తబలా ఇప్పుడు ఎవరూ ముట్టడం లేదు.

ఇక నీ చివరి ప్రశ్న. మన కుక్క రాగి తెల్లవారుజామున దగ్గుతోందా అని అడిగావు. మెట్లెక్కితే ఆయాసపడుతోందా అన్నావు. పడుకున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో సరదాకి లెక్కపెట్టి రాయమ్మా అన్నావు.

సరదాకి అన్నావు జోనా.

పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు అమ్మ స్నానానికి వెళ్ళిందని డాడీ చెప్పారు కదా. నేను ఆయన పక్కనే ఉన్నాను. నీ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. నీతో మాట్లాడితే ఏమంటానో అని భయపడి నేనే అలా చెప్పించాను. మీకు ఫోన్ ఇచ్చే ఆ పది నిమిషాల్లో చెప్పుకునే సంగతి కూడా కాదు ఇది.

ఆరో తారీఖు బుధవారం నాకు నైట్ డ్యూటీ దిగిన పొద్దు. ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. డాడీ అప్పటికే బెళ్ళందూరు బస్సు ఎక్కేశారు. రాగిని కిందకి తీసుకెళ్ళి, వీధి చివరిదాకా తిప్పి, తిరిగి పైకి తీసుకొస్తున్నాను. రెండో అంతస్తు దాటాక అది పడిపోయింది. పక్కకి ఒరిగిపోయి, కాళ్ళు చాపేసి, కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. మూత్రం పోయేసింది. నా కేకకి కింద నుంచి ఇంటి ఓనరు లక్ష్మమ్మగారు ఆ మోకాళ్ళ నొప్పులతోనే ఎక్కి వచ్చారు.

“ఏమాయెమ్మా మార్తా, అట్ల పడిపోయిండాది? ఊపిరి ఉండాదా చూడు,” అన్నారు.

పంతొమ్మిదేళ్ళుగా గుండె వార్డులో పనిచేస్తున్నాను. పడిపోయిన మనిషిని ఎలా చూడాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ మెట్ల మీద మాత్రం చేతులు రెండూ దాని పొట్ట మీద పెట్టి ఊరికే కూర్చుండిపోయాను. అర నిమిషమో, ముప్పావు నిమిషమో. తర్వాత అదే తల ఎత్తింది. లేచి, ఏమీ జరగనట్టు నా చెయ్యి నాకింది. లక్ష్మమ్మగారు “బతికుండాది, బతికుండాది” అంటూ తన కొంగుతోనే మెట్టు తుడవబోతే నేను ఆపాను.

దాని టీకాల పుస్తకం మీద ఆసుపత్రి అడ్రసు ఉంది. నేను ఎప్పుడూ వెళ్ళలేదు, ఆ పనులన్నీ నువ్వే చూసేవాడివి కదా. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఫోన్ నంబరు అడిగింది. నాది చెప్తే లేదంది. డాడీది చెప్తే లేదంది. నీది చెప్తే రాగి పేరు వచ్చింది.

లోపల డాక్టరు పేరు వనజ. మన అనంతపురం వైపు ఆవిడే. రాగిని బల్ల మీద పెట్టి, స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి, పాత వివరాలు చదువుకుని, నా వైపు చూశారు.

“గుండెకి ఎకో స్కాన్ చేయించారా అమ్మా?” అన్నారు.

“ఏ ఎకో?” అన్నాను.

“రెండో టీకాకి వచ్చినప్పుడే గుండె చప్పుడులో తేడా, మర్మర్ ఉందని చెప్పాం కదండీ. కొన్ని కుక్కపిల్లలకి పెరిగేకొద్దీ పోతుంది, ఆరో నెలలో తీసుకురండి, పోకపోతే ఎకో చేయిద్దాం అని రాసిచ్చాను. మా వాళ్ళు మూడుసార్లు ఫోన్ కూడా చేశారు. ఒకసారి మీ అబ్బాయి ఎత్తి, ఇంట్లో మాట్లాడి వస్తామన్నారట. ఇక్కడ నోట్ చేసి ఉంది.”

నేను నర్సునని ఆవిడకి అప్పటికే చెప్పి ఉన్నాను. గుండె వార్డు అని కూడా చెప్పాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఎలా ఉందో నీకు రాయలేను. తిట్టలేదు. “సరే, ఇప్పుడైనా చేయిద్దాం” అని మాత్రం అన్నారు. నాకు తెలియదని చెప్పుకోవడానికి నోరు రాలేదు. నా ఇంట్లో ఉన్న ప్రాణి సంగతి నా ఇంట్లో వాళ్ళు నాకు చెప్పలేదని పరాయి మనిషి దగ్గర ఎలా చెప్పుకుంటాను? తల ఊపి, చీటీ తీసుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చాక హాల్లో కింద కూర్చుని నా బ్యాగులోంచి స్టెతస్కోపు తీశాను. రెండున్నరేళ్ళుగా ఆ బ్యాగు, ఆ కుక్క ఒకే తలుపు పక్కన ఉన్నాయి. ఒక్కరోజు కూడా పెట్టి వినాలని తోచలేదు. ఎడమవైపు ముందు కాలి వెనక పెట్టాను. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. ప్రతి కొట్టుకోవడానికీ మధ్య, సందులోంచి గాలి దూరినట్టు, బుస్సుమని ఒక చప్పుడు. కొత్తగా చేరిన నర్సింగ్ స్టూడెంటు కూడా పట్టుకోగలిగిన చప్పుడు. రాగి నేను ఆడిస్తున్నాననుకుని తోక ఊపుతూ కూర్చుంది.

సాయంత్రం డాడీ వచ్చారు. కాళ్ళు కడుక్కుని, టీ తాగేదాకా ఆగాను.

“రాగి గుండె సంగతి మీకు తెలుసా?” అని అడిగాను.

తెలియదంటారేమో అని ఎదురుచూశాను. నిజంగా, తెలియదంటే బాగుండునని ప్రార్థన చేసుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, “వాడు చెప్పాడా?” అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు, మీరిద్దరూ కలిసే చేశారని.

డాడీ దాచకుండా అంతా చెప్పారు. రెండో టీకా వేయించిన రోజు నువ్వు ఆసుపత్రి నుంచి ఏడుస్తూ వచ్చావట. మీ అమ్మమ్మ చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆవిడ గుండెజబ్బుతో ఇదే ఇంట్లో, ముందు గదిలో, ఐదు నెలలు మంచం మీద ఉంది. నువ్వు కుక్కపిల్లని తెచ్చిన రోజున నేను “వార్డులో జబ్బు, ఇంట్లో జబ్బు, ఇంక నా వల్ల కాదు, ఆరోగ్యంగా ఉంటేనే ఇంట్లో ఉండనిస్తాను” అన్నానట. అన్నాను. గుర్తుంది. అందుకని కొన్నాళ్ళు ఆగి చెబుదామనుకున్నారట. ఆ తర్వాత నీ పీయూసీ పరీక్షలు. ఆ తర్వాత రాగి బాగానే ఆడుతోంది కదా అనుకున్నారు. ఆ తర్వాత నీ సెలక్షన్లు. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పడం కష్టమైపోయిందట.

“చెప్తే నువ్వు దాన్ని ఉంచనిచ్చేదానివా మార్తా?” అన్నారు చివరికి.

అదే నాకు తగిలింది. ఉంచనిచ్చేదాన్నో కాదో నాకే తెలియదు. ఆ నెలలో ఏమని ఉండేదాన్నో, ఒక గంట అరిచి రాత్రికి దాన్ని పక్కలో వేసుకుని ఉండేదాన్నేమో. నన్ను అడిగితే కదా తెలిసేది. నేను ఏమంటానో మీరే అనుకుని, నా జవాబు కూడా మీరే చెప్పేసుకుని, రెండున్నరేళ్ళు నా కళ్ళముందు తిరిగారు. మీ అమ్మమ్మ చివరి రోజుల్లో ఆవిడ కాళ్ళ నీరు చూసి, ఊపిరి విని, డాక్టరు కన్నా ముందు సంగతి చెప్పింది నేను. ఈ ఇంట్లో గుండె గురించి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నా ఒక్కదాని దగ్గరే దాచారు.

మర్నాడు నువ్వు రాసిన ఐదు ఉత్తరాలూ బయటకు తీసి మళ్ళీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఎంత మురిసిపోయానో తెలుసా? నా కొడుకు ఎంత దూరం పోయినా కుక్కని మర్చిపోలేదు అని వార్డులో ప్రేమకుమారి సిస్టర్‌కి చదివి వినిపించాను. ఇప్పుడు చదివితే ప్రతి ప్రశ్నా నేను పేషెంట్లని అడిగే ప్రశ్నే. దగ్గు, ఆయాసం, ఊపిరి లెక్క, అన్నం సరిగా తింటోందా, చిగుళ్ళు ఎర్రగానే ఉన్నాయా. ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నావేమో. రోగం పేరు చెప్పకుండా నా చేత డ్యూటీ చేయించావు నాన్నా. ఏ డాక్టరూ నా చేత అలా చేయించలేదు.

ఇంకొకటి ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. జూన్‌లో నీకు రాశాను, రాగి బాగా బద్ధకం నేర్చింది, లావెక్కింది, మెట్ల మధ్యలో కూర్చుండిపోతోంది, అందుకని పొద్దున రెండుసార్లు కిందకి పైకి తిప్పుతున్నాను అని. నువ్వు అది చదివావు. చదివి జవాబు రాశావు. ఏమని? ‘ఎక్కువ తిప్పొద్దమ్మా, ఎండలు కదా’ అని. ఇక్కడ అప్పటికి వారం రోజులుగా వాన. ఎండలేంటి, పిల్లవాడికి ఒడిశా ఎండలకి మతి పోయిందని నవ్వుకున్నాను. ఆ ఒక్క చోట, ఆ ఎండలు అన్న చోట, గుండె అని రాసి ఉంటే చాలు.

డాడీ కూడా అంతే. ఆయన రాగిని తిప్పడానికి తీసుకెళ్తే తిరిగి వచ్చేటప్పుడు మూడంతస్తులూ ఎత్తుకునే తెచ్చేవారు. పద్దెనిమిది కిలోల కుక్కని. చిన్న కూతురిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటారు, మీ గారాబం వల్లే అది చెడింది అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయనా నవ్వేవారు. నేను దాని బెల్టు పట్టుకుని బయల్దేరితే “మెల్లగా మార్తా” అనేవారు. అంతే. ఎత్తుకోవడం తెలిసిన మనిషికి ఎందుకు ఎత్తుకోవాలో చెప్పడం రాలేదు.

సోమవారం ఎకో చేయించాను. డాడీ సెలవు పెట్టి వస్తానన్నారు, వద్దన్నాను. ఇంతకాలం మీరు ఇద్దరే చూసుకున్నారు, ఈసారి నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. చిన్నతనంగా అన్నానని తెలుసు. అయినా ఒక్కదాన్నే వెళ్ళాను. పక్కకి పడుకోబెట్టి, పొట్ట పక్కన వెంట్రుకలు గీసి, జెల్ రాసి చూశారు. తెర మీద ఏం కనిపిస్తోందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గుండె నుంచి ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారిలో కవాటం సరిగా తెరుచుకోవడం లేదు. పుట్టుకతోనే ఇరుకు. మరీ చివరి దశ కాదు, తేలిగ్గా వదిలేసేదీ కాదు. మధ్యస్థం అన్నారు వనజగారు.

“తిప్పడం వల్ల వచ్చిందా డాక్టర్?” అని అడిగాను.

“లేదమ్మా, పుట్టుకతో వచ్చింది. శ్రమ ఎక్కువైతే కళ్ళు తిరిగి పడిపోతుంది. ముందే తెలిసి ఉంటే మెట్లు మాన్పించేవాళ్ళం, మందు మొదలుపెట్టేవాళ్ళం. ఇప్పుడు మొదలుపెడదాం. చాలా కుక్కలు ఈ మందుతో ఏళ్ళ తరబడి బాగానే ఉంటాయి. మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం.”

రాసిచ్చిన మందు నా వార్డులో పొద్దున్నే మనుషులకి పంచే బిళ్ళే. దీనికి సగం, రోజుకి రెండుసార్లు. వెన్న రాసి ఇస్తే మింగుతోంది. పరుగులు వద్దు, మెట్లు వద్దు. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను, నిద్రలో నిమిషానికి ఇరవై రెండు సార్లు ఊపిరి తీస్తోంది. మంచి లెక్కే. దగ్గు లేదు. చిగుళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఒకటి మిగిలింది. ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పటి నుంచి దాని చుట్టూ తిరుగుతున్నాను. డాడీకి చెప్పలేదు, లక్ష్మమ్మగారికి చెప్పలేదు. డాక్టరు “ఏం చేస్తుండగా పడిపోయింది?” అని అడిగితే “మెట్లెక్కుతూ” అన్నాను. అందరూ నమ్మారు.

ఆ ముందు రాత్రి వార్డులో ఒకాయన చనిపోయాడు. నలభై ఏళ్ళు కూడా లేవు. ఆయన భార్య నా చెయ్యి వదల్లేదు. అదంతా మోసుకుని ఇంటికి వచ్చాను. ఎప్పుడు పడుకుంటానా అని ఉంది. రాగి రెండో అంతస్తు దగ్గర కూర్చుండిపోయింది. లేవమన్నాను. లేవలేదు. లాగాను. కాళ్ళు బిగబట్టి కూర్చుంది. బద్ధకం, మొండితనం, మీ నాన్న నేర్పిన గారాబం అనుకున్నాను. బెల్టు రెండు మడతలు వేసి కొట్టాను జోనా. వీపు మీద కొట్టాను. ఒకసారి కాదు. అది అరవలేదు, నా వైపు చూసింది. చూసి, లేచి, నా కోసం ఏడు మెట్లు ఎక్కింది. ఎనిమిదో మెట్టు మీద పడిపోయింది.

నేను నా జీవితంలో ఏ రోగినీ విసుక్కోలేదు. మంచం తడిపిన వాళ్ళని, మీద ఉమ్మిన వాళ్ళని కూడా. జబ్బు అని తెలిస్తే నా చెయ్యి లేవదు. అది నాకు తెలుసు, డాడీకి తెలుసు, నీకు తెలుసు. తెలిసీ నన్ను తెలియనిదానిగా ఉంచారు. మీ మీద నా కోపం ఇదే. కుక్కని కాపాడుకోవడానికి నా దగ్గర దాచారు. దానివల్ల ఈ ఇంట్లో దాన్ని కొట్టిన మనిషిని నేనయ్యాను.

ఇక్కడిదాకా రాసి ఆగాను. డాడీ మధ్యాహ్నం నుంచి ఈ గదిలోకి వస్తూ పోతూ ఉన్నారు. ఇప్పుడు వచ్చి, “వాడికేనా? నేను చూడొచ్చా?” అన్నారు. దాచుకుందామని కాగితాల మీద చెయ్యి పెట్టాను. మళ్ళీ తీసేసి అన్నీ ఇచ్చేశాను. ఎదురుగా కుర్చీలో కూర్చుని చదివారు. ఆఖరి కాగితం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఎన్ని దెబ్బలు?” అన్నారు.

“నాలుగు.”

“రెండు నావి. రెండు వాడివి,” అన్నారు.

ఆయన మంచి మనసుతోనే అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఇరవై రెండేళ్ళలో ఆయన నా ముందు ఏడవడం ఇది రెండోసారి. కానీ నేను ఒప్పుకోలేదు.

“కాదండీ,” అన్నాను. “నాలుగూ నావే. వాటిని మీరు పంచుకోవద్దు. మీవి వేరే ఉన్నాయి. రెండున్నరేళ్ళలో నాకు చెప్పని ప్రతిరోజూ మీది. అది మీరు చూసుకోండి.”

ఆయన తల ఊపారు. కాగితాలు వరసగా సర్ది, నా ముందు పెట్టి, వంటింట్లోకి వెళ్ళారు. ఇద్దరికీ అన్నం ఆయనే పెడుతున్నట్టున్నారు, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

నిన్ను క్షమించానని ఇప్పుడే రాయలేను నాన్నా. ఉత్తరం చివర్లో అలాంటి మాట రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది, కానీ నాలో ఇంకా అది రాలేదు. రావాలని ప్రార్థిస్తున్నాను. నువ్వు నా కడుపున పుట్టినవాడివి, నీ మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు. నమ్మకం మాత్రం దెబ్బతింది, అది మానడానికి ఎంత కాలం పడుతుందో నాకు తెలియదు. జవాబులో నాకు నచ్చేట్టు ఏమీ రాయకు. పదిహేడేళ్ళ వయసులో ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ నువ్వు ఏమనుకున్నావో, నన్ను చూసి ఏం భయపడ్డావో, అది ఉన్నది ఉన్నట్టు రాయి. చదివి నాకు బాధ కలిగినా సరే. నేను కూడా నీకు ఇవాళ అలాగే రాశాను.

ఈ ఉత్తరం నీకు చేరేలోపు మళ్ళీ నీ ఫోన్ వస్తుంది. ఈసారి నేనే ఎత్తుతాను. ఎక్కువ మాట్లాడలేకపోవచ్చు. నువ్వు ఫోన్ పెట్టేయకు.

ఇట్లు,
నీకు ఏ సంగతైనా చెప్పుకోదగిన మనిషి కావాలని కోరుకునే
మీ అమ్మ
మార్త